కేంద్ర ఆరోగ్య శాఖ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: ఎలా పుట్టింది, ఏం చేస్తుంది, ఏ పని దానిది కాదు

మండలంలో డాక్టరు డ్యూటీకి రావట్లేదని ఢిల్లీకి ట్వీట్ పెట్టేవాళ్లు ఉన్నారు. నీట్ పేపర్ లీకైతే ఆరోగ్య శాఖను తిట్టేవాళ్లు, షుగర్ మాత్రల రేటు పెరిగినా అదే శాఖను అడిగేవాళ్లు ఉన్నారు. చిత్రమేంటంటే ఈ మూడింట్లో ఒక్కటి కూడా నేరుగా ఆ శాఖ పని కాదు. అందుకే పదే పదే వచ్చే ప్రశ్నలన్నీ ఒక చోట పెట్టాను. చరిత్ర కొంచెం ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే ఇప్పుడున్న తికమకలో సగం పాత రోజుల నుంచి వచ్చిందే.

ఇంతకీ గవర్నమెంటు ఆస్పత్రులు నడిపేది కేంద్ర ఆరోగ్య శాఖేనా?

చాలావరకు కాదు. మీ ఊరి సబ్‌సెంటర్, మండలంలో పీహెచ్‌సీ, ఏరియా ఆస్పత్రి, జిల్లా కేంద్రంలో పెద్దాసుపత్రి అన్నీ రాష్ట్ర ప్రభుత్వానివే. డాక్టర్లను తీసుకునేది, బదిలీ చేసేది, సస్పెండ్ చేసేది రాష్ట్రమే.

కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మంత్రిత్వ శాఖ కింద నేరుగా ఉండేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: ఎయిమ్స్‌లు, ఢిల్లీలో సఫ్దర్‌జంగ్, రామ్ మనోహర్ లోహియా ఆస్పత్రులు, చండీగఢ్ పీజీఐ, పుదుచ్చేరి జిప్‌మర్, బెంగళూరు నిమ్‌హాన్స్ లాంటివి.

ఒక్క హైదరాబాద్‌నే తీసుకోండి. ఉస్మానియా, గాంధీ రాష్ట్రానివి. నిమ్స్ పేరు చూసి కేంద్రానిది అనుకుంటారు కానీ అదీ రాష్ట్రానిదే. సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆస్పత్రి కేంద్ర కార్మిక శాఖ కింద ఉంటుంది, లాలాగూడలోది రైల్వే వాళ్లది. నగరం దాటి బీబీనగర్ వెళ్తే అక్కడి ఎయిమ్స్ మాత్రం నిజంగా కేంద్ర ఆరోగ్య శాఖది. రోగికి ఇదంతా అనవసరం, నిజమే. కానీ ఏదైనా తేడా వచ్చి అడగాల్సి వచ్చినప్పుడు మాత్రం ఇదే ముఖ్యమవుతుంది.

అలా ఎవరు రాశారు? రాజ్యాంగంలో ఉందా?

ఉంది. ఏడో షెడ్యూల్‌లో రాష్ట్ర జాబితా ఆరో పద్దు చూడండి: ప్రజారోగ్యం, పారిశుధ్యం, ఆస్పత్రులు, డిస్పెన్సరీలు అని ఉంటుంది. ఓడరేవుల దగ్గర క్వారంటైన్ లాంటివి కేంద్ర జాబితాలో పెట్టారు. ఉమ్మడి జాబితాలో మందులు, ఆహార కల్తీ, వైద్య విద్య, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అంటువ్యాధులు పాకకుండా ఆపడం ఉన్నాయి. వైద్య విద్య, జనాభా నియంత్రణ, కుటుంబ నియంత్రణ మాత్రం ఈ జాబితాలో మొదట్లో లేవు, 1976లో 42వ సవరణతో చేర్చారు. అది ఎమర్జెన్సీ కాలం. ఆ సంగతి కింద వస్తుంది.

ఈ శాఖ ఎప్పుడు పుట్టింది?

మంత్రిత్వ శాఖగా 1947లో. కానీ కథ అంతకు దాదాపు తొంభై ఏళ్ల ముందు నుంచి చెప్పుకోవాలి.

కంపెనీ పోయి రాణి పాలన వచ్చాక బ్రిటిష్ వాళ్లకు పట్టుకున్న బెంగ మన ఆరోగ్యం గురించి కాదు, వాళ్ల సిపాయిల గురించి. యుద్ధంలో కంటే కలరా, జ్వరాలు, విరేచనాలతోనే ఎక్కువమంది పోతున్నారని 1859లో ఒక రాయల్ కమిషన్ వేశారు. అది ఇచ్చిన నివేదిక మీద 1864లో మద్రాసు, బొంబాయి, బెంగాల్ ప్రెసిడెన్సీల్లో శానిటరీ కమిషన్లు వచ్చాయి. అప్పుడు కూడా శుభ్రత అంటే ముందు కంటోన్మెంటు, తర్వాతే ఊరు.

1896లో బొంబాయిలో ప్లేగు పుట్టింది. మరుసటి ఏడాదే నాలుగు సెక్షన్ల చిన్న చట్టం ఒకటి చేశారు, 1897 అంటువ్యాధుల చట్టం. ఇళ్లలో జొరబడి తనిఖీలు, రైళ్లలో తనిఖీలు, బలవంతంగా క్యాంపులకు తరలించడం, జనం తిరగబడటం, అన్నీ జరిగాయి. అదే చట్టాన్ని 2020లో కోవిడ్‌కి కూడా బయటికి తీశారు, ఆరోగ్య సిబ్బంది మీద దాడి చేస్తే శిక్ష పడేలా కొత్త సెక్షన్లు కలిపి. అన్నట్టు, మలేరియా దోమల వల్ల వస్తుందని రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో కనిపెట్టింది కూడా ఆ 1897లోనే, ఆగస్టు 20న.

తర్వాత 1919 సంస్కరణలు వచ్చాయి. ఇప్పటి తికమకకు మూలం ఇక్కడే ఉంది. ఖజానా, పోలీసు లాంటి గట్టి శాఖలు తెల్లదొరల దగ్గరే ఉంచుకుని ఆరోగ్యం, పారిశుధ్యం, విద్య లాంటివి ప్రావిన్సుల్లో మన మంత్రులకు అప్పగించారు. ఖర్చు ఎక్కువ, రాబడి లేదు, మాట పడాల్సింది మాత్రం మంత్రే. ఆ విభజనే 1935 భారత ప్రభుత్వ చట్టంలోకి, అక్కడి నుంచి రాజ్యాంగంలోకి దాదాపు అలాగే వచ్చేసింది.

ఢిల్లీలో ఆరోగ్యానికి విడి శాఖ కూడా ఉండేది కాదు. విద్య, ఆరోగ్యం, భూములు మూడూ కలిపి ఒకే శాఖ. 1945లో విడగొట్టి ఆరోగ్యానికి వేరే శాఖ పెట్టారు, స్వాతంత్య్రం వచ్చాక అదే మంత్రిత్వ శాఖ అయింది.

భోర్ కమిటీ అని అందరూ అంటుంటారు, ఏంటది?

సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన 1943లో వేసిన కమిటీ. నివేదిక 1946లో వచ్చింది. డబ్బు లేదన్న కారణంతో ఏ ఒక్కరికీ వైద్యం అందకుండా పోకూడదు అన్నది దాని మూల సూత్రం. నలభై వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పెట్టాలని, రోగం వచ్చాక మందివ్వడం, రాకుండా చూడటం రెండూ ఒకే చోట జరగాలని చెప్పింది. ఇప్పుడు మీరు చూసే పీహెచ్‌సీకి మూలం అదే. ప్రస్తుత లెక్క మైదానంలో ముప్పై వేలకు ఒక పీహెచ్‌సీ, అయిదు వేలకు ఒక సబ్‌సెంటర్. ఏజెన్సీ, కొండ ప్రాంతాల్లో ఇరవై వేలకు, మూడు వేలకు.

నా ఉద్దేశంలో ఈ శాఖ చరిత్రలో అన్నిటికంటే మంచి పత్రం అదే. అమలైంది సగం కూడా కాదు.

మొదటి ఆరోగ్య మంత్రి ఎవరు?

రాజకుమారి అమృత్ కౌర్. కపుర్తలా రాజవంశం ఆడపడుచు, గాంధీగారి దగ్గర చాలా ఏళ్లు కార్యదర్శిగా పనిచేసిన మనిషి. నెహ్రూ మొదటి క్యాబినెట్‌లో ఏకైక మహిళ. 1947 నుంచి 1957 వరకు పదేళ్లు ఆ కుర్చీలో ఉన్నారు. ఈ శాఖకు మళ్లీ ఎవరూ అంత కాలం వరసగా మంత్రిగా లేరు.

ఢిల్లీ ఎయిమ్స్ ఆవిడ పట్టుదలే. 1956లో పార్లమెంటు చట్టం చేసింది, కొలంబో ప్లాన్ కింద న్యూజిలాండ్ డబ్బు సాయం చేసింది. సిమ్లాలో సొంత ఇల్లు కూడా ఎయిమ్స్‌కే ఇచ్చేశారు. 1950లో ప్రపంచ ఆరోగ్య సభకు అధ్యక్షత వహించారు.

క్షయకు బీసీజీ టీకా దేశమంతా వేయించే పని కూడా ఆవిడ హయాంలోనే మొదలైంది. దానికి 1955లో గట్టిగా అడ్డం తిరిగింది ఎవరో తెలుసా? రాజాజీ! మాజీ గవర్నర్ జనరల్, మద్రాసు ముఖ్యమంత్రిగా చేసిన మనిషి. టీకాలంటే అనుమానాలు వాట్సాప్‌తో మొదలయ్యాయనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

తెలుగువాళ్లు ఎవరైనా ఈ శాఖ చూశారా?

చూశారు. రాజమండ్రిలో పుట్టిన జనాభా శాస్త్రవేత్త శ్రీపతి చంద్రశేఖర్ 1967లో ఇందిరాగాంధీ ప్రభుత్వంలో ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ చూశారు. తర్వాత రేణుకా చౌదరి, పనబాక లక్ష్మి ఇదే శాఖలో సహాయ మంత్రులుగా చేశారు.

కుటుంబ నియంత్రణ గొడవ ఏంటి? ఎమర్జెన్సీలో ఏం జరిగింది?

1952లోనే ప్రభుత్వం తరఫున కుటుంబ నియంత్రణ కార్యక్రమం పెట్టిన మొదటి దేశం మనది. మొదట్లో క్లినిక్కులు, సలహాలు. 1966లో దానికోసం విడి విభాగమే పెట్టారు. ఎర్ర త్రికోణం గుర్తు గోడల మీదికి ఎక్కింది ఆ కాలంలోనే. తర్వాత తర్వాత టార్గెట్లు మొదలయ్యాయి. పట్వారీకి టార్గెట్, టీచరుకు టార్గెట్, పోలీసుకు టార్గెట్. ఎమర్జెన్సీ వచ్చేసరికి అది ఎక్కడికి వెళ్లిందంటే 1976-77 ఒక్క ఏడాదిలో దేశమంతా కలిపి 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. ఎక్కువభాగం మగవాళ్లకు, అందులో ఎందరికో బలవంతంగా.

1977లో ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. జనతా ప్రభుత్వం వచ్చాక నియంత్రణ కాస్తా సంక్షేమం అయింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఎమర్జెన్సీ దెబ్బకు మగవాళ్ల ఆపరేషన్ అనే మాట ఎత్తడానికే రాజకీయ నాయకులు భయపడ్డారు, భారం మొత్తం ఆడవాళ్ల మీద పడింది. పై నుంచి టార్గెట్లు పెట్టడం 1996లో గానీ ఆపలేదు. ఇదే శాఖ చేయించే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత చూడండి: ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి ఆపరేషన్ అయి ఉంది. దేశం సగటు 38 శాతం దగ్గర ఉంటే మన దగ్గర ఇంత! ఇద్దరు పిల్లలు పుట్టగానే పాతికేళ్లకే ఆపరేషన్ అన్నది మన పల్లెల్లో ఎంత మామూలైపోయిందో మీకు చెప్పక్కర్లేదు. ఇప్పుడేమో ఇద్దరికంటే ఎక్కువమంది ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధన 2024లో ఏపీ ఎత్తేసింది, ఇంకా కనండి అని ముఖ్యమంత్రే అడుగుతున్నారు. ఎప్పుడు ఎంతమందిని కనాలో ఆడవాళ్లకు చెప్పడం మాత్రం ప్రభుత్వాలు మానలేదు.

మశూచి, పోలియో పోయింది వీళ్ల వల్లేనా?

ఒక్కరి గొప్ప అని చెప్పలేం గానీ ఈ శాఖ చేసిన పనుల్లో ఏ మొహమాటం లేకుండా మెచ్చుకోవాల్సినవి ఇవే. మశూచి ఆఖరి కేసులు 1975 మే నెలలో వచ్చాయి, 1977లో దేశం మశూచి నుంచి బయటపడిందని ప్రకటించారు. నారి కురుపు 2000లో పోయింది. పోలియోకి పల్స్ పోలియో 1995లో మొదలైంది, ఆఖరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లో హౌరా జిల్లాలో ఒక పాపకు, 2014 మార్చి 27న పోలియో రహిత సర్టిఫికెట్ వచ్చింది.

అయినా నిఘా ఆపలేదు. 2016లో హైదరాబాద్ అంబర్‌పేటలో మురుగునీటి శాంపిల్‌లో టీకా నుంచి పుట్టిన రకం పోలియో వైరస్ కనిపించింది. ఒక్క పిల్లాడికి కూడా జబ్బు రాలేదు. అయినా హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు మూడు లక్షల మంది పిల్లలకు సూది టీకా వేశారు.

మలేరియా కథ మాత్రం ఇలా ముగియలేదు. 1953లో డీడీటీ కొట్టడం మొదలుపెట్టి 1965 నాటికి కేసులు లక్షకు దింపారు. ఇక అయిపోయింది అనుకుని చేతులు దులుపుకున్నారు. 1976లో 64 లక్షల కేసులు. దోమలు డీడీటీకి అలవాటుపడ్డాయి, డబ్బులు తగ్గాయి, సిబ్బందిని వేరే పనులకు మళ్లించారు. మన ఏజెన్సీలో ఇప్పటికీ వానాకాలం వస్తే దోమతెరలు, మందు పిచికారీ తప్పట్లేదు.

టీకా ఢిల్లీ నుంచి మా సబ్‌సెంటర్ దాకా ఎలా వస్తుంది?

కేంద్రం, రాష్ట్రం కలిసి పనిచేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే ఇదొక్కటి చూస్తే చాలు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సార్వత్రిక టీకా కార్యక్రమం 1985లో మొదలైంది. ఈ టీకాలను కొనేది కేంద్ర ఆరోగ్య శాఖ. కంపెనీ నుంచి కర్నాల్, ముంబై, చెన్నై, కోల్‌కతా డిపోలకు గానీ, నేరుగా రాష్ట్ర స్టోర్‌కు గానీ వస్తాయి. అక్కడి నుంచి ప్రాంతీయ స్టోర్, జిల్లా స్టోర్, ఆ తర్వాత పీహెచ్‌సీ. ఏ స్టోర్‌లో ఎన్ని డోసులున్నాయో ఈవిన్ అనే యాప్‌లో కనిపిస్తుంది.

పీహెచ్‌సీలో ఓ మూల పైనుంచి మూత తెరుచుకునే తెల్ల పెట్టె ఉంటుంది, మామూలు ఫ్రిజ్ కాదు. ఐఎల్ఆర్ అంటారు. గోడల్లో మంచు ఉండటం వల్ల కరెంటు పోయినా గంటల తరబడి చల్లగా ఉంటుంది. లోపల 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి థర్మామీటర్ చూసి పుస్తకంలో రాయాలి, ఆదివారమైనా సరే. టీకాల రోజున ఏఎన్ఎమ్ (సబ్‌సెంటర్ నర్సు) గారు భుజాన తగిలించుకొచ్చే చిన్న డబ్బాలో నాలుగు ఐస్ ప్యాక్‌లు, మధ్యలో సీసాలు ఉంటాయి.

ఈసారి పిల్లాడికి టీకా వేయించేటప్పుడు సీసా మీద చూడండి. గుండ్రటి మచ్చ, దాని లోపల చిన్న చదరం ఉంటాయి. చదరం చుట్టూ ఉన్న వలయం కంటే లేతగా ఉంటే టీకా బాగున్నట్టు. రెండూ ఒకే రంగులోకి వచ్చినా, చదరం ఇంకా ముదిరినా ఆ సీసా ఎక్కడో వేడికి పాడైనట్టు, వేయకూడదు. ఏఎన్ఎమ్‌ను అడిగితే చూపిస్తుంది. అడగడంలో తప్పులేదు, చాలామంది సంతోషంగా చూపిస్తారు కూడా.

ఇందులో సీసా కేంద్రానిది, ఏఎన్ఎమ్ రాష్ట్రానిది. జీతం చాలాచోట్ల ఇద్దరిదీ.

ఎన్‌హెచ్‌ఎం అంటే ఏంటి? ఆశాలకు జీతం ఎవరిస్తారు?

2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైంది. 2013లో పట్టణాలకూ కలిపి ఎన్‌హెచ్‌ఎం అయింది. ఆరోగ్యం రాష్ట్రాలదే అయినా కేంద్రం డబ్బు ఇచ్చి తన పద్ధతిలో పని చేయించుకునే దారి ఇది. నూటికి అరవై కేంద్రం, నలభై రాష్ట్రం. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకైతే 90:10.

వెయ్యి జనాభాకు ఒక ఆశా అన్నది ఈ మిషన్‌తో వచ్చిందే. కాగితం మీద ఆమె వాలంటీరు, జీతం కాదు, చేసిన పనికి ప్రోత్సాహకం. గర్భిణిని ప్రసవానికి తీసుకెళ్తే ఇంత, పిల్లకు టీకాలన్నీ పూర్తయితే ఇంత అని. పైన రాష్ట్రాలు తమ వాటా కలుపుతాయి. ఏపీలో 2019లో గౌరవ వేతనం పది వేలు చేశారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకు అవార్డు ఇచ్చింది, మంచిదే. కానీ అర్ధరాత్రి పురుటి నొప్పులంటే ఆటో మాట్లాడుకుని వెంట వెళ్లే మనిషిని ఇరవై ఏళ్లుగా వాలంటీరు అనే పిలవడం నాకు మింగుడుపడదు.

డబ్బులు ఆలస్యమైనప్పుడు కేంద్రం విడుదల చేయలేదని రాష్ట్రం, ఖర్చుల లెక్క చూపించలేదని కేంద్రం అంటాయి. ఎక్కువసార్లు రెండూ నిజమే.

108 కూడా కేంద్రానిదేనా?

పుట్టింది మన దగ్గర, 2005లో హైదరాబాద్‌లో, ఉమ్మడి ఏపీలో. తర్వాత ఎన్‌హెచ్‌ఎం డబ్బుతో చాలా రాష్ట్రాలు అదే నంబరు పెట్టుకున్నాయి. నడిపే బాధ్యత ఇప్పటికీ రాష్ట్రాలదే.

ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ ఒకటేనా?

కాదు గానీ ఇప్పుడు కలిసిపోయాయి. ఆరోగ్యశ్రీ వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2007లో తెచ్చిన రాష్ట్ర పథకం. ఏపీలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో ఉంది, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పేరే. కేంద్రం వాళ్ల ఆయుష్మాన్ భారత్‌లో బీమా పథకం పేరు పీఎంజేఏవై, 2018 సెప్టెంబరు 23న రాంచీలో ప్రారంభించారు, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. పేద కుటుంబాలకు కార్పొరేట్ ఆస్పత్రిలో పెద్ద ఆపరేషన్లు చేయించి బిల్లు ప్రభుత్వం కట్టడం అన్నది కేంద్రానికంటే పదకొండేళ్ల ముందే మన దగ్గర నడిచింది.

తెలంగాణ మొదట చేరలేదు, 2021లో చేరింది. రెండు రాష్ట్రాల్లోనూ కేంద్రం తన లెక్కకు వచ్చే కుటుంబాలకే వాటా ఇస్తుంది. మిగతా వాళ్ల ఖర్చు, 5 లక్షలు దాటి ఇచ్చే కవరేజీ రాష్ట్రం భరించాల్సిందే. రోగి దగ్గర రెండు కార్డులున్నా ఆస్పత్రిలో జరిగేది ఒకటే: ఆస్పత్రిలో పథకం తరఫున కూర్చునే ఆరోగ్యమిత్ర దగ్గర పేరు నమోదు, ముందస్తు అనుమతి, తర్వాత వైద్యం. ఆస్పత్రి లిస్టులో ఉందో లేదో, మీ జబ్బు ఆ ఆస్పత్రికి ఇచ్చిన విభాగాల్లో ఉందో లేదో చేరకముందే కనుక్కోండి. గొడవలన్నీ అక్కడే వస్తాయి.

70 ఏళ్లు దాటినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా కార్డు ఇవ్వడం 2024 అక్టోబరులో మొదలైంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే తీయించి పెట్టండి.

మందుల ధరలు ఈ శాఖే కదా నిర్ణయించేది?

కాదు. ధరల నియంత్రణ చూసే ఎన్‌పీపీఏ రసాయనాలు, ఎరువుల మంత్రిత్వ శాఖలో ఫార్మా విభాగం కింద ఉంది. జన ఔషధి షాపులు కూడా వాళ్లవే. కొత్త మందుకు, కొత్త టీకాకు అనుమతి ఇచ్చే డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ మాత్రం ఆరోగ్య శాఖ మనిషి. మందుల ఫ్యాక్టరీకి, మీ వీధిలో మెడికల్ షాపుకు లైసెన్సు ఇచ్చి తనిఖీ చేసేది రాష్ట్ర డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు. ఈ అనుమతులకు, లైసెన్సులకు మూలం 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం. మందు ఒకటి, దాని మీద పెత్తనం మూడు చోట్ల! 2021 నుంచి ఆరోగ్య శాఖకూ రసాయనాల శాఖకూ మంత్రి ఒకరే కావడంతో జనానికి తేడా ఇంకా తెలియకుండా పోయింది. దేశంలో తయారయ్యే మందుల్లో పెద్ద వాటా హైదరాబాద్ చుట్టుపక్కల నుంచి, విశాఖ దగ్గర పరవాడ నుంచి వెళ్తోంది కాబట్టి రాష్ట్రాల తనిఖీ ఎంత గట్టిగా ఉంటే మనకే అంత మంచిది.

నీట్ సంగతి?

పరీక్ష పెట్టే ఎన్‌టీఏ విద్యా శాఖ కింద ఉంది. కాలేజీలకు అనుమతులు, సిలబస్, సీట్ల సంఖ్య చూసేది ఎన్‌ఎంసీ. మెడికల్ కౌన్సిల్ మీద అవినీతి ఆరోపణలు ముదిరి దాన్ని రద్దు చేశాక 2020 సెప్టెంబరులో ఎన్‌ఎంసీ వచ్చింది. 15 శాతం ఆలిండియా కోటా కౌన్సెలింగ్ కేంద్ర ఆరోగ్య శాఖ చేతిలో, మిగతాది విజయవాడ ఎన్టీఆర్, వరంగల్ కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయాల చేతిలో. పిల్లల్ని ఫిలిప్పీన్స్, జార్జియా, కిర్గిజ్‌స్థాన్ పంపే తల్లిదండ్రులకు ఒక మాట: అక్కడ చదవాలన్నా ముందు నీట్ క్వాలిఫై కావాలి, వచ్చాక ఇక్కడ ప్రాక్టీసుకు ఎఫ్‌ఎంజీఈ అనే అర్హత పరీక్ష పాసవ్వాలి. కన్సల్టెన్సీ వాళ్లు మొదటిది చెప్తారు, రెండోది ఎంత కష్టమో చెప్పరు.

మనకు ఎయిమ్స్ ఎలా వచ్చాయి?

ఏపీది విభజన చట్టంలో రాసిన హామీ. మంగళగిరిలో 2018లో మొదటి ఎంబీబీఎస్ బ్యాచ్ చేరింది. తెలంగాణది చట్టంలో లేదు, అడిగి సాధించుకున్నది. బీబీనగర్‌లో నిమ్స్ కోసం కట్టిన భవనాల్లో 2019లో క్లాసులు మొదలయ్యాయి. ఢిల్లీ ఎయిమ్స్ అంత పేరు రావడానికి ఇంకా టైం పడుతుంది. పేరు ఒకటే అయినంత మాత్రాన డాక్టర్లు, పరికరాలు ఒకటి కావు కదా.

కోవిడ్‌లో లాక్‌డౌన్ పెట్టింది వీళ్లేనా?

ఆ ఉత్తర్వులు హోం శాఖవి, 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద. సాయంత్రం టీవీలో కేసుల లెక్క చెప్పింది, చికిత్స మార్గదర్శకాలు ఇచ్చింది, టీకా కార్యక్రమం నడిపింది ఆరోగ్య శాఖ. టీకాలు 2021 జనవరి 16న మొదలై అక్టోబరు 21కి వంద కోట్ల డోసులు దాటాయి. కోవాగ్జిన్ తయారైంది హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి)తో కలిసి. మధ్యలో 18 నుంచి 44 ఏళ్ల వాళ్లకు రాష్ట్రాలే కొనుక్కోవాలని ఒక విధానం పెట్టారు. రాష్ట్రాలు గ్లోబల్ టెండర్లు పిలిచి దొరక్క చేతులెత్తేశాయి, జూన్ 21 నుంచి కేంద్రమే మళ్లీ కొని పంచింది. 1985 నుంచి నడుస్తున్న పద్ధతిని ఎందుకు మార్చారో ఇప్పటికీ అర్థం కాదు.

ఐసీఎంఆర్, ఎన్ఐఎన్, ఆయుష్ ఇవన్నీ ఎక్కడొస్తాయి?

ఈ మంత్రిత్వ శాఖలో రెండు విభాగాలు. ఒకటి ఆరోగ్యం, కుటుంబ సంక్షేమం. రెండోది 2007లో పెట్టిన ఆరోగ్య పరిశోధన విభాగం, ఐసీఎంఆర్ దాని కింద ఉంటుంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఐసీఎంఆర్‌దే. 1918లో కూనూర్‌లో మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. ఆయుష్ ఇదివరకు ఇక్కడే ఉండేది, 2014 నవంబరులో విడి మంత్రిత్వ శాఖ అయింది. అంగన్‌వాడీ మహిళా శిశు సంక్షేమానిది, తాగునీరు జలశక్తి శాఖది.

డబ్బు ఎంత ఖర్చు పెడతారు?

2025-26 కేంద్ర బడ్జెట్‌లో ఈ శాఖకు లక్ష కోట్లకు కాస్త తక్కువ. 2017 జాతీయ ఆరోగ్య విధానంలో, 2025 కల్లా కేంద్రం, రాష్ట్రాలు కలిపి జీడీపీలో 2.5 శాతం పెడతామని రాసుకున్నారు. 2021-22 లెక్కల్లో, అదీ కోవిడ్ ఏడాదిలో, వచ్చింది 1.84. జనం జేబులోంచి పెట్టే వాటా 2013-14లో 64 శాతం ఉండేది, 39కి తగ్గిందని అదే లెక్కలు చెబుతున్నాయి. తగ్గుదల మంచిదే, కానీ అప్పు చేసి ఆస్పత్రి బిల్లు కట్టే ఇళ్లు మన చుట్టూ ఎన్ని ఉన్నాయో మనకు తెలుసు.

ఆరోగ్యాన్ని ఉమ్మడి జాబితాలోకి మార్చాలంటున్నారు, మంచిదేనా?

15వ ఆర్థిక సంఘం అధ్యక్షుడు ఎన్.కె. సింగ్ లాంటివాళ్లు అడిగారు. నాకైతే నమ్మకం లేదు. 108, ఆరోగ్యశ్రీ రెండూ ఢిల్లీ నుంచి వచ్చినవి కాదు, రాష్ట్రంలో మొదలైనవి. పై నుంచి వచ్చిన పెద్ద ప్రయోగం కుటుంబ నియంత్రణ టార్గెట్లు. అంటువ్యాధులు, మందుల నాణ్యత మీద కేంద్రానికి ఇప్పుడున్న అధికారాలు చాలు, వాడుకోవాలి అంతే.

మరి ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలి?

పీహెచ్‌సీలో డాక్టరు లేకపోతే, మందుల్లేకపోతే డీఎంహెచ్‌వో (జిల్లా వైద్యాధికారి)కి. వినకపోతే సోమవారం కలెక్టరేట్‌లో, తెలంగాణలో ప్రజావాణి, ఏపీలో పీజీఆర్‌ఎస్. కాగితం మీద రాసి ఇవ్వండి, రసీదు నంబరు తీసుకోండి. నోటిమాటగా చెప్పింది గుమ్మం దాటగానే పోతుంది.

ఎయిమ్స్, సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ఉద్యోగుల ఆరోగ్య పథకం) లాంటి కేంద్ర సంస్థల మీదైతే కేంద్రం ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో. ఆయుష్మాన్ కార్డు సమస్యకు 14555. మానసిక ఇబ్బందులకు టెలిమానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. టీబీ రోగికి నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో పడాలి, 2024 నవంబరు వరకు అయిదొందలు ఉండేది. పడకపోతే ముందు ఖాతాకు ఆధార్ లింకు చూసుకుని టీబీ యూనిట్‌లో అడగండి.

ఆభా నంబరు తప్పనిసరా?

కాదు. పద్నాలుగు అంకెల ఆభా మీ ఆరోగ్య రికార్డులు దాచుకునే నంబరు మాత్రమే, ఇష్టమైతేనే. దానితో ఉచిత వైద్యం రాదు. ఉచిత వైద్యానికి కావాల్సింది ఆయుష్మాన్ కార్డు గానీ మీ రాష్ట్ర పథకం కార్డు గానీ. ఓపీ చీటీ కౌంటర్‌లో ఆభా అడిగితే క్యూ తొందరగా కదలడానికి అడుగుతారు, లేదని చెప్పినా చీటీ ఇవ్వాల్సిందే.